ఫ్లెక్సీ మీద నా చెయ్యి

గంగాధర్,

నువ్వు పోయి నేటికి ఏడాది. కోరుట్ల దీక్షా శిబిరంలో నీకు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. తెలంగాణ కోసం ప్రాణమిచ్చిన అమరుడివట.

మనిద్దరం సిరిసిల్లలో సాంచాల మీద బట్ట నేసే రోజుల్లో, ఒకరికొకరం ఏమవుతామో తెలిసి నిన్ను కొట్టింది మీ అన్న. తను కుదిర్చిన పెళ్లి నువ్వు వద్దన్నందుకు గదిలో పెట్టి తాళం వేసిందీ ఆయనే. "గిట్ల ఇజ్జత్ తీసుడు కంటే నువ్వు సచ్చుడే నయం" అన్నాడు. ఆ గదిలోనే నువ్వు ప్రాణం తీసుకున్నావు. ఇవాళ మైకు ఆయన చేతిలో ఉంది.

ఫ్లెక్సీకి మనం జగిత్యాల స్టూడియోలో దిగిన ఫోటోనే దొరికింది వాళ్లకు. నన్ను కత్తిరించేశారు. నీ భుజం మీద నా చెయ్యి మాత్రం మిగిలిపోయింది.

"గా చెయ్యెవలిదిరా?" అని అడిగింది మీ అమ్మ.

"ఎవడో దోస్తుగానిది" అన్నాడు మీ అన్న, నా వైపు చూడకుండా. దండ పక్కకు లాగి దాన్ని కప్పేశాడు.

"అమరుడు గంగాధర్‌కు" అని ఆయన అరిస్తే అందరూ "జోహార్" అన్నారు. నేనూ అన్నాను. ఏడాదిలో మొదటిసారి నీ కోసం నలుగురిలో ఏడ్చాను.

పక్కనున్న పెద్దాయన నా వీపు తట్టాడు.

"ఏడ్వకు తమ్మీ. తెలంగాణ అస్తది."