బీట్‌రూట్ రసమూ, ఆదివారం బ్యాచ్చూ

జూన్ 1, సోమవారం
ఈ రోజు నుంచి నేను వేరే మనిషిని!
మా అమీర్‌పేట కోచింగ్ సెంటర్‌లో ఆదివారం బ్యాచ్ మూడేళ్లుగా సాలమన్ నెత్తినే ఉంది. ఇక తన వల్ల కాదట, చర్చికి వెళ్లాలట. సీనియర్ని, నేనెందుకు చెప్తాను? పందెం వేసుకున్నాం. 20న నెక్లెస్ రోడ్డు మీద పరుగు. ఓడినవాడికి ఏడాదంతా ఆదివారాలు.
నా రహస్యం బీట్‌రూట్ రసం. అందులో నైట్రేట్ ఉంటుందట, ఆయాసం తగ్గిస్తుందట. మూడు వీడియోలు చూశాను. పాపం సాలమన్!

జూన్ 3
రసం తాగాను. తడిమట్టి రుచి.
"ఏంటండీ, ఎవర్ని కొరికారు?" అంది మా ఆవిడ సుమశ్రీ. పళ్లన్నీ ఎరుపు! ఈ నోటితో జావా ఎలా చెప్పను? ఘాటు మౌత్‌వాష్‌తో పుక్కిలించాను. ఇకనుంచి రోజూ ఇంతే, రసం, ఆపైన పుక్కిలింత.
పరుగు? ఎండగా ఉంది.

జూన్ 8
బాత్రూంలో ఎరుపు!! ప్రాణం పోయింది. పంజాగుట్టలో పెద్దాసుపత్రికి ఆటోలో పడి వెళ్లాను.
"బీట్‌రూట్ తిన్నారా?" అన్నాడు డాక్టరు, తలెత్తకుండా.
ఈ షాక్‌తో పరుగెత్తకూడదు. విశ్రాంతి.

జూన్ 12
రసం తీయడం విసుగు. పొడి ప్యాకెట్ తెప్పించాను. సాలమన్ మెట్రో మెట్లు రెండేసి ఎక్కుతున్నాడు. "అన్నా, నువ్వు సుత జర ఉరుకు. తాగితే అయితదా?" అన్నాడు. కుళ్లు!

జూన్ 17
వాన. మిర్చి బజ్జీలు. పశ్చాత్తాపంగా పొడి రెండింతలు.

జూన్ 20, శనివారం
రసం, పొడి, పుక్కిలింత. బయల్దేరాం. మొదటి మలుపు దాకా నేనే ముందు! తర్వాత కడుపులో గుడగుడ. బెంచీ మీద కూలబడ్డాను.
సాలమన్ గెలిచి, వెనక్కొచ్చి నన్ను లేపాడు. కళ్లనిండా నీళ్లు. "రేపు జీవమణితోని చర్చికి పోత అన్నా" అన్నాడు. పెళ్లాంతో చర్చికి వెళ్లడానికి ఇంత ఏడవాలా? కాస్త సిగ్గేసింది. ఎంతోసేపు కాదు.
ఇంటికొచ్చి ప్యాకెట్ వెనక చదివాను. నైట్రేట్‌ను పనికొచ్చేలా మార్చేది నోట్లోని సూక్ష్మజీవులేనట. మౌత్‌వాష్ వాటిని చంపేస్తుందట.
అంటే ఓడింది నేను కాదు, మౌత్‌వాష్!

జూన్ 21, ఆదివారం
పొద్దున్నే క్లాసు. సూక్ష్మజీవుల క్షేమం కోసం పళ్లు కూడా తోముకోలేదు. మొదటి వరసంతా లేచి వెనక్కెళ్లి కూర్చుంది.
సాలమన్‌కి మెసేజ్ పెట్టాను, "వచ్చే నెల మళ్లీ పందెం?"
జవాబు చర్చి నుంచి వచ్చింది. "అట్లనే అన్నా. గీసారి ఓడితే శనివారం బ్యాచ్ సుత నీదే."
ఒప్పేసుకున్నాను! రేపటి నుంచి నేను వేరే మనిషిని. సుమశ్రీకి ఫోన్ చేసి రెండు కిలోల బీట్‌రూట్ తెమ్మన్నాను.