యల్లక్క ఎర్రపోగు విత్తనం

వ్యవసాయాధికారి గారి సముఖమునకు, పెనుకొండ దగ్గర గుట్టకిందపల్లి కాపురస్థుడు, ధర్మవరంలో కూలికి మగ్గం నేయువాడు, పదవ తరగతి తప్పినవాడు అయిన ఆంజనప్ప, వయస్సు 49, వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: తమ కార్యాలయమునందు ఎనిమిదేండ్ల క్రిందట దాచబడిన గోధుమరంగు కవరు ఒకటి, అందులోని రెండు గుప్పిళ్ల వేరుశనగ కాయలు వెతికించి ఇప్పించుట గురించి.

1. ఇదివరలో నేను తమ కార్యాలయమునకు మూడు అర్జీలు పెట్టుకొని ఉన్నాను. మా చేలో దిష్టిబొమ్మకు వృద్ధాప్య పింఛను కోరినది ఒకటి. ఎలుకలకు పంట నష్టపరిహారం కోరినది ఒకటి. మూడోది ఇక్కడ వ్రాయదగినది కాదు. అవి మూడూ ఎగతాళివే. ఈ అర్జీ తీసుకునే మంజులత మేడం గారు నా మొహం చూసి, "ఏమప్పా, ఈసారి కాకులకు రేషన్ కార్డా?" అని అడగవచ్చును. అడిగినా తప్పు లేదు. అయితే ఇది ఎగతాళి కాదని మొదటనే మనవి.

2. మా అక్క యల్లక్క, మొగుడు పోయి పుట్టింట ఉండి, నన్ను సాకిన మనిషి. గుట్టవార పదిహేను సెంట్ల మెట్టచెక్క ఆమెది. ఇరవై ఆరేండ్ల క్రిందట పూతమీద వాన తప్పి చెక్కంతా మాడిపోగా, ఏడు మొక్కలు మాత్రం పచ్చగా నిలిచినవి. ఆ ఏడింటికి నేను మగ్గం కాడినుంచి తెచ్చిన తెగిన పట్టుపోగులు, ఎర్రవి, కట్టింది. ఆ కాయలే విత్తనానికి పెట్టింది. మరుసటేడు మళ్లీ ఎండకు నిలిచిన వాటికే పోగు. ఆ మరుసటేడూ అంతే. ఇట్లు ఇరవై ఆరేండ్లు. "నువ్వేమక్కా, పెండ్లిచూపులు చూసినట్టు శెనగచెట్లను ఏరతాండావు" అని నేనంటే, "నేనేం ఏరల్యాబ్బా. ఎండ ఏరింది. నేను పోగు కట్టినా, అంతే" అనేది.

3. సాక్ష్యం కావలెనన్న: గట్టుకు అవతల చెక్క ఓబుళప్పది. అదే నేల, అదే వాన. వాన తప్పిన ఏడు అతనిది ఎండితే, మా అక్కది మధ్యాహ్నం ఆకు ముడుచుకొని సాయంత్రానికి మళ్లీ విప్పేది. ఒక మారు రెండు మొక్కలు పెరికి కొలిచినాము. అతని మొక్క వేరు జానెడు, అక్క మొక్క వేరు జానా బెత్తెడు. ఓబుళప్ప ఆ పొద్దు అన్నం తినలేదు.

4. ఈ సంగతి విని తమకు ముందు ఇక్కడ పనిచేసిన శివకృష్ణ సారు గారు చెక్క కాడికి వచ్చి, రెండు గుప్పిళ్లు కవరులో వేసుకొని, పైన "యల్లక్క, ఎర్రపోగు" అని వ్రాసుకొని, చల్లని పెట్టెలో పెట్టిస్తానని చెప్పి పోయినారు. అక్క ఆ కవరు పోయిన దోవకేసి చానాసేపు చూసింది.

5. ఇక నా నేరము. నిరుడు మా ఊరి దేవర జాతరకు చుట్టాలు వచ్చినారు. అక్కను ఆటపట్టించవలెనని, ఆమె విత్తనబానలో కాయలన్నీ తీసి, హిందూపురం అంగట్లో కొన్న మామూలు కాయలు నింపినాను. ఆమెవి ఉప్పునీళ్లు చల్లి వేయించి అందరికీ పంచినాను. పంట పెరికే నాడు, "నీ విత్తనానికీ అంగడి విత్తనానికీ తేడా నీకే తెలీలేదు చూడు" అని నలుగురిలో నవ్వవలెనని నా ఎత్తు. అక్క కూడా గుప్పెడు తినింది. "రుచిగుండాయే, యాడివిరా?" అనింది. హిందూపురంవి అన్నాను.

6. విత్తేటప్పుడు ఆమె చేతికి తెలిసింది. "ఈసారి కాయ లావుగా ఉండాదేమబ్బా" అనింది. నీ కండ్లు పోయినాయిలే అన్నాను. పూతమీద నలభై దినాలు వాన లేక చెక్కంతా మాడిపోయింది. అంగడి విత్తనాల తప్పేమీ లేదు, అవి ఎండకు తట్టుకొని తేలినవి కావు. అక్క ఒడిలో ఎర్రపోగులు పోసుకొని చెక్కకు పోయి, పొద్దు వాలక మునుపే తిరిగొచ్చింది. ఒడి అట్లే ఉండాది. "పోగులు మిగిలిపోయినాయి ఆంజనప్పా" అనింది. 

7. కొన్నాళ్లకు, "ఇన్నేండ్లూ నేను కట్టగూడని వాటికి కట్టినానేమోరా" అనింది. చెప్పవలెనని నోరు తెరిచినాను. ఊరందరినీ నవ్వించిన నోరు, సార్. నిజం చెప్పలేకపోయింది. కార్తీకంలో గుండెపోటుతో అక్క పోయింది. తన విత్తనమే తనను మోసం చేసిందనుకొని పోయింది.

8. కర్మాంతరాల నాడు హైస్కూలు సైన్సు మేడం వీణ గారికి మాత్రం చెప్పుకున్నాను. ఆమె తిట్టలేదు. "ఒక తల్లి పిల్లలు కూడా అందరూ ఒకే తీరుండరు. ఆ తేడాల్లో కరువుకు తట్టుకున్నదే మిగిలి పిల్లలను పెడుతుంది. తరం మీద తరం పోతే జాతే మారిపోతుంది. మనిషి లేనప్పటి నుంచీ భూమ్మీద జరుగుతున్నది అదే. మీ అక్క దాని పక్కన నిలబడి గుర్తు పెట్టుకుంది" అని చెప్పినారు. దానికి సాక్ష్యం రాళ్లలో ఎముకల అచ్చులై ఉన్నదట. రాతిలోది ఎవరూ తినలేరు. మా అక్క ఇరవై ఆరేండ్ల సాక్ష్యం నేను ఉప్పేసుకొని తిన్నాను.

9. అడిగినవాళ్లెవరి దగ్గరా ఆ విత్తనం లేదు. ఓబుళప్ప ఒక ఏడు చేబదులుగా తీసుకున్నది గానుగకు పోయింది. శివకృష్ణ సారు గారికి ఫోన్ చేయగా, కవరు తమ కార్యాలయంలోనే వదిలి పోయినట్లు గుర్తన్నారు.

కావున తమరు దయతో ఆ కవరు వెతికించవలెను. చల్లని పెట్టెలో ఉంటే మా అదృష్టం. లేక బీరువాలోనే ఉండిపోయి ఉంటే కాయ చచ్చి ఉండునని నాకూ తెలుసు. అయినను ఇప్పించవలెను. గుప్పెడులో ఒక్కటి మొలిచినా చాలును. అన్నీ చచ్చి ఒక్కటి మిగలడం ఆ విత్తనానికి కొత్త కాదు.

ఇంతమాత్రము చిత్తగించి, ఈ ఒక్క మారు నన్ను నమ్మవలెనని వేడుకొను,

తమ విధేయుడు, యల్లక్క తమ్ముడు,
ఆంజనప్ప

తా.క. సార్, దీంతో పాటు కాగితంలో చుట్టి ఎర్రపోగులు పెట్టినా. ఆ పొద్దు ఒడిలో మిగిలినవే. విత్తనం మొలిస్తే మీ ఆఫీసు వాళ్లెవరైనా వచ్చి కట్టండి, మంజులత మేడమైనా సరే. నేను గట్టు మీదనే నిలబడతా. కట్టేటప్పుడు కొంచెం గట్టిగా చెప్పండి సార్, "తప్పు నీది కాదు యల్లక్కా" అని. నేను చెప్తే ఆమె నమ్మదు.