కొండపాక బోరు కాడ నీ పెట్టె

సమస్త జనులకు తెలియజేయునది ఏమనగా, మీ బర్రె నా కొత్త లుంగీ నమిలేసింది తమ్మీ.

ఇంకో ముచ్చట. నువ్వు పైకి పోయినంక, రైతుల బోరు మోటార్లకు నువ్వు పెట్టిన వైర్‌లెస్ పెట్టెలు సతాయిస్తున్నయి. మన సిద్దిపేట దుకాణంల ఉండి వాటన్నిటి పిలుపులందుకునే పెద్ద పెట్టె రోజూ పగటాల కుప్పకూలుతుంది. అప్పుడు ఎవ్వరి మోటారు ఫోన్‌తోని నడువది. అడిగినోళ్లకు, దయ్యం పట్టిందని పరాచికాలాడిన.

మొన్న నీ బిడ్డ స్వప్న లాప్‌టాప్ తెచ్చి, కూలేముందు పెద్ద పెట్టె రాసుకున్నదంత చదివింది.

"దయ్యం గాదు పెద్దబాపూ. పెద్ద పెట్టెను నడిపే అసలు ప్రోగ్రాం, కెర్నెల్, పడిపోతుంది. కొండపాకల మన బోరు కాడ ఉన్న బాపు పెట్టె పిలిచినప్పుడే."

ఇగ అసలు సంగతి చెప్పింది.

చిన్న పెట్టెలు బ్యాటరీ మిగలాలని పండుకుంటయి గదా. సోలార్ ప్లేట్ మీద దుమ్ము పట్టి, నీది మరీ ఎక్కువ పండుకుంటుందట. చానసేపు సప్పుడు లేకపోతే పెద్ద పెట్టె దాని పేరు కొట్టేస్తది. పగటాల ఎండకు నీది లేచి పిలుస్తది. పెద్దది, కొట్టేసిన పేరు కోసం దేవులాడి కూలుతది.

"మీ బాపు పెట్టె తీసేద్దామా బిడ్డా?" అన్న.

"వద్దు. పేరు లేకుంటే మల్ల రాసుకొని పలుకుమని పెద్ద పెట్టెల డ్రైవర్ ప్రోగ్రాం మారుస్త. బాపుది గాడ్నే ఉండని" అన్నది. ఏడ్వలే. నేను నవ్విన.

ఇయ్యాల పగటాల నీ పెట్టె పిలిచింది. పెద్దది కూలలే, పలికింది.

బర్రె లుంగీ నమిలిందన్నది అబద్ధం. నీ బిడ్డ ఏడ్వలేదన్నది, నేను నవ్విన అన్నది గూడ అబద్ధమే. నీ పెట్టె పిలిచింది మాత్రం నిజం తమ్మీ.