ఐదు ఎంబీల వంతెన

ద్రెనోవెత్స్, సెప్టెంబరు 28

అమ్మా రాలిత్సా,

బాబాయ్ మెతోదీ దీవెనలు. నలభై ఏళ్ళు ఈ కొండల్లో టపా మోసినవాణ్ణి, నా మాటను ఫోన్‌లో గాలికి వదలలేను. ఉన్ని మేజోడులో చుట్టిన పెన్‌డ్రైవు పంపుతున్నాను. అందులో మన రాతివంతెన ఫొటోలు ముప్ఫై ఒకటి ఉన్నాయి. అక్టోబరు ఇరవైన సోఫియాలో వంతెనల కమిషన్‌కు నువ్వు చూపించాలి. “దీని మీద ఎవరూ నడవరు, కూల్చేయండి” అని వాళ్ళు తేల్చేస్తే ఏటి అవతలి పదహారు గడపలకూ దారి తెగిపోతుంది. ఆ భయంతో నాకు తిండి సయించడం లేదు.

మా తాత రోజుల్లో ఈ వంతెన నడిమధ్యన పెళ్ళివారూ, ఎలుగుబంటిని ఆడించేవాడూ ఎదురుపడ్డారట. ఎవరు వెనక్కి తగ్గాలని మధ్యాహ్నం దాకా వాదులాడుకున్నారు. చివరికి ఎలుగుబంటే తగ్గింది. అలాంటి వంతెన ఇది.

నీ మేలు కోరే,
మెతోదీ

తా.క.: ఇరవై ఆరు ఫొటోల్లో అవతలి గట్టున స్తోయ్నా కనిపిస్తుంది. నేను కావాలని తీసింది కాదు.

సోఫియా, అక్టోబరు 2

బాబాయ్‌కి నమస్కారాలు.

పెన్‌డ్రైవు అందింది. ఒక్కో ఫొటో పద్నాలుగు ఎంబీలు! కమిషన్ వాళ్ళ వెబ్‌సైటు స్లైడులన్నీ కలిపి ఐదు ఎంబీలు దాటితే పుచ్చుకోదు. నాలుగుసార్లు పెట్టాను, నాలుగుసార్లూ ఎర్రక్షరాలతో తిప్పికొట్టింది.

అందుకని బొమ్మల్ని కుదించాలి. నువ్వేమీ బెంగపడకు. ముందు వెడల్పు తగ్గిస్తాను, ఆ తర్వాత కన్ను గమనించని వివరాలన్నీ కంప్యూటరే తీసేస్తుంది. తేడా ఎవరికీ తెలియదు. మచ్చుకి ఒకటి అచ్చు తీసి పంపుతున్నాను.

నీ
రాలిత్సా

తా.క.: మేజోడుకి చిల్లుంది. పెన్‌డ్రైవు దారిలో జారిపోకపోవడం దేవుడి దయ.

ద్రెనోవెత్స్, అక్టోబరు 5

అమ్మా రాలిత్సా,

క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు. ‘కన్ను గమనించనివి తీసేస్తుంది’ అన్నావు. ఎవరి కన్నమ్మా? మన ఊరికి బస్సు తీసేసినప్పుడూ తేడా ఎవరికీ తెలియదనే అన్నారు. టపా కార్యాలయం ఎత్తేసినప్పుడూ అదే మాట. పింఛను పుచ్చుకున్నాక నన్నూ ఎవరూ గమనించడం లేదు. ఆ కంప్యూటరు నా వైపు తిరిగితే నా గతేమిటి?

భూతద్దం పెట్టి చూశాను. కమానులో రాళ్ళు నూటపన్నెండు. నువ్వు పంపిన బొమ్మలో నూటనాలుగే ఉన్నాయి. మిగతా ఎనిమిదీ ఏవి? స్తోయ్నా అయితే మూడు గళ్ళయిపోయింది, ముక్కేదో బుట్టేదో తెలియదు. ఆవిడకే చూపించాను. “నలభై ఏళ్ళుగా నీ కంటికి నేనెలా కనబడుతున్నానో ఇప్పుడర్థమైందయ్యా మెతోదీ” అంది.

పదో తేదీ నుంచి మూడు రోజులు రకియా బట్టీ దగ్గర నా వంతు. ఈ ఏడాది ప్లమ్ పళ్ళ సారా అక్కడే కాచాలి. కొండ వెనక ఫోన్ పలకదు.

దిగులుతో,
బాబాయ్

తా.క.: కుదించక తప్పకపోతే నన్ను కుదించు. ఆవిడ జోలికి వెళ్ళకు.

సోఫియా, అక్టోబరు 8

బాబాయ్‌కి నమస్కారాలు.

నీ మాటే నిలబెట్టాను. ఎనిమిది ఫొటోలే ఉంచి, రంగులు తీసేసి బూడిదరంగులోకి మార్చాను. మొదటి స్లైడులో టోపీ పెట్టుకుని నువ్వే ఉన్నావు. మరీ చిన్నవాడివై తెల్ల కాగితంలో కలిసిపోతున్నావని చుట్టూ నల్లగీత గీశాను. కింద నీ పేరూ, నువ్వు టపా మోసిన ఏళ్ళూ వేశాను: 1968–2008. దాన్ని అచ్చు తీసి పంపుతున్నాను. నువ్వు ఇంట్లో లేకపోతే లోపలి కాగితం తలుపుకి అంటించమని టపా తెచ్చే దెన్కా అత్తకు కవరు మీదే రాశాను. తిరిగి రాగానే నీ కంట పడుతుంది.

నీ
రాలిత్సా

తా.క.: ఇప్పుడు 4.9 ఎంబీలు. గట్టిగా తుమ్మినా ఐదు దాటుతుందేమోనని ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను.

ద్రెనోవెత్స్, అక్టోబరు 13

రాలిత్సా!

నేను చచ్చిపోయాను. ఆ సంగతి నేనే రాయాల్సి వచ్చింది.

నల్లగీత మధ్య బూడిదరంగు బొమ్మ, కింద పేరూ, రెండు సంవత్సరాలూ, అదీ ఇంటి తలుపు మీద! మన దేశంలో పాలుతాగే పిల్లనడిగినా అది చావుకబురని చెబుతుంది. నువ్వు ఎంబీలు చూశావు గానీ తలుపు చూడలేదు.

బట్టీ నుంచి దిగి వస్తున్నాను. వంతెన నిండా జనం. అవతలి పదహారు గడపలూ పూలదండతో, చావుకి పంచే ఉడికించిన గోధుమల గిన్నెలతో నా ఇంటి వైపే కదిలాయి. దెన్కాయే వెళ్ళి కబురు చెప్పి తీసుకొచ్చినట్టుంది, తలుపు మీది నా బొమ్మ పట్టుకుని అందరికీ ముందు నడుస్తోంది.

“ఎవరు పోయారు?” అని చివర నడుస్తున్న ముసలాణ్ణి అడిగాను.

వెనక్కి తిరక్కుండానే చెప్పాడు: “మెతోదీ. రెండువేల ఎనిమిదిలోనే పోయాడట పాపం, మనమే గమనించలేదు.”

ఉన్నానో లేనో తేల్చుకుందామని బుగ్గ గిల్లుకున్నాను. అంతలో స్తోయ్నా నన్ను చూసి కెవ్వుమంది. ఆవిడ చేతిలో పన్నెండు పూలున్నాయి. పోయినవాళ్ళకు సరిసంఖ్య, బతికున్నవాళ్ళకు బేసి కదా. ఏడుస్తూనే ఒకటి లాగి ఏట్లో పారేసి, పదకొండు నా చేతిలో పెట్టింది. “బతికే ఉంటే ముందే చెప్పొద్దూ, మొద్దూ!” అని తిట్టింది.

చావు గడపదాటి చూసొచ్చిన,
బాబాయ్

తా.క.: టీచరుగారు ఆ ఊరేగింపు ఫొటో తీసి నీ ఫోనుకి పంపారట. నా గోధుమలు నేనే తిన్నాను. చక్కెర కాస్త తక్కువైంది.

సోఫియా, అక్టోబరు 21

బాబాయ్‌కి నమస్కారాలు. నన్ను క్షమించు.

ఎనిమిది స్లైడులూ తీసేసి ఆ ఒక్క ఊరేగింపు ఫొటోనే చూపించాను. ఎంబీలో మూడోవంతు కూడా లేదు. “ఎవరూ నడవరన్నారు కదా” అని మాత్రం అనగలిగాను. కమిషన్ అధ్యక్షుడు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. “ఇంతమంది సాగనంపిన మనిషి నడిచిన వంతెనను కూలుస్తామా?” అన్నాడు. నిజం చెబుదామని నోరు తెరిచి, భయంతో ‘ధన్యవాదాలు’ అని కూర్చున్నాను.

వంతెన బాగుచేస్తారు. దానికి నీ పేరు పెట్టి, నీ బొమ్మ చెక్కిన రాతిపలక కూడా వేస్తారట. నీ స్మృతికి.

వణుకుతూ,
రాలిత్సా

తా.క.: కొలతలకు వాళ్ళు వచ్చినరోజు నువ్వు కనబడకు. కనబడక తప్పకపోతే నువ్వు ఆయన తమ్ముడివి.

ద్రెనోవెత్స్, అక్టోబరు 25

చిరంజీవి రాలిత్సాకు,

స్వర్గీయ మెతోదీ తమ్ముడి దీవెనలు. కొలతలవాళ్ళు వచ్చి వెళ్ళారు. అంతసేపూ టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాను. అన్నయ్య ఎలాంటివాడని అడిగారు. మంచివాడేనన్నాను. మీసం తీసేశాను. స్తోయ్నా ఎగాదిగా చూసి, “తమ్ముడే నయం” అంది.

ఇట్లు,
తమ్ముడు

తా.క.: పలక మీద అన్నయ్య బొమ్మను ఎంత కుదించుకున్నా ఫరవాలేదట. అవతలి గట్టున తను మాత్రం ముక్కుతో సహా కనబడాలట. స్తోయ్నా షరతు.