మసీదు మీద నేను రాసిన అర్జీ

మంగళవారం, అశోక్ నగర్

మా సందు చివర మసీదు కట్టనివ్వొద్దని అర్జీ రాసింది నేనే. పోయిన వారం హాస్టల్ ఓనర్ అంకుల్ అడిగారు: "నీ తెలుగు మంచిగుంటది బిడ్డా, జర గట్టిగ రాయి." గ్రూప్స్ వ్యాసానికి పడేంత కష్టం పడ్డాను. జనసమ్మర్దం, శబ్ద కాలుష్యం, ప్రశాంతతకు భంగం... మాట కుదిరిన ప్రతిసారీ మురిసిపోయాను. ఆ మసీదు కోసం, నాతో చదువుకునే రఫీ వాళ్ల నాన్న నాలుగేళ్లుగా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారని తెలిసి కూడా.

ఈరోజు ఆ అర్జీ జిరాక్సు రీడింగ్ రూం తలుపుకు అంటించారు. రఫీ నిలబడి చివరిదాకా చదివాడు. ఏడాదిగా నా వ్యాసాలన్నీ దిద్దుతున్నది అతనే.

"ఒక్క తప్పు గూడ లేదన్న," అన్నాడు నా వైపు తిరిగి. "ఇగ నీ వ్యాసాలు నువ్వే దిద్దుకోవచ్చు."

పుస్తకాలు సర్దుకుని వెళ్లిపోయాడు.

అంకుల్ దగ్గరికి వెళ్లి, అర్జీ వెనక్కి తీసుకుందామన్నాను. ఆయన నవ్వారు. "పిచ్చోడివా? నిన్ననే ఆఫీసుల ఇచ్చొచ్చినం. సందంతా సంతకాలు పెట్టింది. ఇగ అది నీ కాయితం గాదు."

ఆ మాట వినగానే ఒక్క క్షణం హాయిగా అనిపించింది. సిగ్గు లేకుండా. కానీ దాని మీద మొదటి సంతకం నాదే...