ముప్పై ఒకటో కిలోమీటరు దగ్గర

నేవన్,
జనవరి 19

ప్రియమైన కోడలు పిల్ల ఉమకు,

మామయ్య ఆశీస్సులు. ఫోనులో చెప్పొచ్చుగా అంటావేమో. ఫోను దగ్గర పెట్టగానే ఈ చెవి మిషను ఈల వేస్తుంది. నువ్వు చెప్పేది సగం వినపడదు. వినపడలేదంటే పక్కనుంచి మీ ఆయన మహీధర్ అరుస్తాడు, నాకు ఒళ్ళు మండుతుంది. అందుకే ఉత్తరం. ముప్పై రెండేళ్ళు బాపట్ల డిపోలో కంట్రోలరుగా బస్సుల రాకపోకలు రాసిన చెయ్యి ఇది. నాలుగు ముక్కలు రాయడానికి దానికేం నొప్పి లేదు.

అమ్మాయ్, మీ ఆయన చెప్పింది నిజమేనా? సముద్రంలో నాలుగు కిలోమీటర్లు ఈది, ఆ తడి ఒంటితో నూట ఎనభై సైకిలు తొక్కి, ఆ పైన నలభై రెండు పరిగెత్తుతావా? అదీ ఒక్క రోజులోనా? నూట ఎనభై అంటే ఇంచుమించు బాపట్ల నుంచి నెల్లూరు. ఆ దూరానికి మేం ఇంజను ఉన్న బండిని కూడా దారిలో రెండు చోట్ల ఆపి టీ తాగనిచ్చేవాళ్ళం.

నీకు నలభై మూడేళ్ళు. వారమంతా కిల్కెన్నీ ఆస్పత్రిలో డ్యూటీ. శని, ఆదివారాలే ఇంటికొస్తావు. ఆ రెండు రోజులూ సైకిలెక్కి పోతే నీ కూతురు నీ మొహం ఎప్పుడు చూడాలి? మీ అత్తయ్య సీతాలక్ష్మి బతికుంటే నాలుగు తిట్టేది. ఆవిడ లేదు గనక ఆ డ్యూటీ నాకు పడింది. మానుకో తల్లీ.

ఇట్లు, నీ మంచి కోరే
పురుషోత్తం మామయ్య

కిల్కెన్నీ,
ఫిబ్రవరి 2

ప్రియమైన మామయ్యగారికి,

నమస్కారం. తిట్లు క్షేమంగా అందాయి. అత్తయ్యగారి తిట్లలో ఉండే కారం మీ వాటిలో లేదు, ఏమీ అనుకోకండి.

మీరన్నదాంట్లో ఒకటి నిజం. అందుకే శనివారం సైకిలు, ఆదివారం పూర్తిగా సహస్రది అని పెట్టుకున్నాను. మిగతా సాధన ఇక్కడే, డ్యూటీకి ముందు. మా వార్డులో నర్సు అబిగేయిల్ నాతో పాటు ఈతకు వస్తుంది. ఆవిడ ఇలాంటివి రెండు చేసింది. నన్ను ఇందులోకి దింపింది ఆవిడే.

ఎందుకూ అంటే చెబుతాను, నవ్వకండి. మెడికల్ కాలేజీలో పీజీ మొదలుపెట్టాను, సహస్ర కడుపున పడ్డాక మానేశాను. ఈ దేశం వచ్చాక డాక్టర్ల పెద్ద పరీక్ష రెండుసార్లు రాశాను, రెండుసార్లూ పోయింది. పెళ్ళికి ముందు మూడేళ్ళు వీణ నేర్చుకున్నాను, ఇప్పుడు ఒక్క కీర్తన పూర్తిగా రాదు. ఏది చూసినా సగంలో వదిలేసినదే మామయ్యగారూ. ఈ పోటీని జూన్ ఆఖరి ఆదివారం వాటర్‌ఫర్డ్ తీరంలో పెడుతున్నారు. పొద్దున ఆరింటికి మొదలు. రాత్రి పదింటి లోపు గీత దాటితే ఫలితాల పట్టీలో పేరు పక్కన టైము పడుతుంది. ఎన్నో స్థానమన్నది నాకు అక్కర్లేదు. పేరు పక్కన ఆ టైము ఒక్కటి కావాలి.

మానుకోమని మాత్రం అనకండి.

మీ కోడలు
ఉమ

నేవన్,
ఏప్రిల్ 13

ప్రియమైన ఉమకు,

ఆశీస్సులు. మొన్న శనివారం వడగళ్ళలో తడిసి వచ్చావు చూడు, ఆ సంగతి రాస్తున్నాను. తలుపు తీసేసరికి నీ వేళ్ళు బిగుసుకుపోయి హెల్మెట్ పట్టీ ఊడటం లేదు. ఏడుస్తున్నావనుకున్నాను. తీరా చూస్తే నవ్వుతున్నావు. "నూట ఇరవై అయింది మామయ్యగారూ" అని నా చెవి దగ్గర అరిచావు. నిన్ను ఆపడం నా వల్ల కాదని ఆ పూటే తెలిసిపోయింది. ఆపలేనప్పుడు సరిగ్గా నడిపించాలి గదా.

అందుకని చార్టు వేశాను, ఇందులో పెడుతున్నాను. ఆరింటికి బయలుదేరి ఏడూ యాభైకి నీళ్ళలోంచి బయటికి రావాలి. బట్టలకు పావుగంట. సాయంత్రం నాలుగూ పదికి సైకిలు దిగాలి. నాలుగున్నర దాటితే వెనక్కి పంపేస్తారట, మహీధర్ చెప్పాడు. నాలుగూ ఇరవైకి పరుగు. ఎక్కడా ఎక్కువసేపు హాల్టు లేదు. దారిలో ఏ చోట ఎన్ని గంటలకు ఉండాలో అంతా రాశాను. చూసుకో.

ఆ రోజు నేను రాలేను. మోకాలు అంతసేపు నిలబడనివ్వదు. ఇక్కడే కూర్చుని గడియారం చూస్తుంటాను.

ఆశీర్వదిస్తూ
మామయ్య

కిల్కెన్నీ,
జూన్ 9

ప్రియమైన మామయ్యగారికి,

మీ చార్టు మా వంటింటి అలమర తలుపుకి అంటించాను. అబిగేయిల్ చూసి, ఇంత చక్కని టైమ్‌టేబుల్ ఈ దేశంలో రైళ్ళకు కూడా లేదని ఫోటో తీసుకుంది.

ఒక సంగతి ఎవరికీ చెప్పలేదు, మహీధర్‌కి కూడా. మే నెలలో మొదటిసారి సముద్రంలో దిగినప్పుడు భయపడిపోయాను. చల్లదనానికి ఊపిరి అందలేదు. మూడు వందల మీటర్లకే ఒడ్డుకొచ్చి, ఇసుకలో కూర్చుని, ఇది కూడా సగమే అయిందని ఏడ్చాను. మళ్ళీ వారం వెళ్ళాను. మీరు రాసిన టైములు ఒక్కొక్కటే మనసులో చదువుకుంటూ ఈదాను. నెమ్మదిగా ఊపిరి కుదిరింది. ఇప్పుడు మూడున్నర కిలోమీటర్లు వస్తోంది.

ఇంకా పందొమ్మిది రోజులు. నాకు నిద్ర పట్టడం లేదు. మీరు మాత్రం ప్రయాణం పెట్టుకోకండి, మోకాలు జాగ్రత్త.

ప్రేమతో
ఉమ

నేవన్,
జులై 1

ప్రియమైన ఉమకు,

ఏ మొహంతో రాయాలో తెలియడం లేదమ్మా.

నీకు చెప్పొద్దని మహీధర్ దగ్గర మాట తీసుకుని ఆదివారం వచ్చాను. తెల్లవారకముందే లేచి నేనే కుక్కరు పెట్టాను. డెబ్బై నాలుగేళ్ళకు అదే మొదటిసారి. పెరుగన్నం కలిపి స్టీలు గిన్నెలో పెట్టుకున్నాను. పరుగు దారిలో ముప్పై ఒకటో కిలోమీటరు బోర్డు దగ్గర నాలుగు గంటలు నిలబడ్డాను. ఎనిమిదిన్నరకు కనిపించావు. నా లెక్క ప్రకారం పది నిమిషాలు లేటు. నడకా కాదు పరుగూ కాదు, ఊరికే ఊగుతూ వస్తున్నావు. దారికి అడ్డంగా వచ్చి చెంచాతో నోటికి అందించాను. తిన్నావు. ఆ తరువాత నీ పరుగు చూడాలి! తొమ్మిదీ యాభై రెండుకు గీత దాటావు. అంతమంది తెల్లవాళ్ళ మధ్య నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

అక్కడితో ఊరుకున్నానా? రూల్సు చూసుకునే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు, రాబర్ట్ అట. నువ్వు గుడారంలో ఉండగా ఆయన చెయ్యి పట్టుకుని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. "నేను రిటైర్డ్ కంట్రోలర్ని. ముప్పై ఒకటో కిలోమీటర్ దగ్గర కర్డ్ రైస్ నేనే తినిపించాను. అందుకే నా కోడలు గెలిచింది" అన్నాను. "గ్రాండ్, గ్రాండ్" అని నా భుజం తట్టాడు. కారులో నీ పతకం ఏదని అడిగితే సంచిలో ఉందన్నావు.

నిన్న మహీధర్ ఫలితాలు చూపించాడు. అందరి పేర్ల పక్కనా టైము ఉంది. నీకు మాత్రం రెండు ఇంగ్లీషు అక్షరాలు, డీ, క్యూ. అదేమిట్రా అంటే తల పట్టుకున్నాడు. అనర్హురాలట. దారిలో వాళ్ళు పెట్టిన బల్లల దగ్గర తప్ప బయటివాళ్ళ చేతి నుంచి ఏదీ తీసుకోకూడదట. నోట్లో ముద్ద పెట్టి చేతిలోది లాక్కున్నానమ్మా. ఆరు నెలల కష్టం నా గొప్పల వల్ల బూడిదైపోయింది.

రాబర్టుకు ఉత్తరం రాస్తున్నాను. నా కోడలికి రూలు తెలియదు, ముసలివాణ్ణి నేనే తెలియక తినిపించాను, శిక్ష నాకు వెయ్యండి అని. అడ్రసు పంపించు. నన్ను క్షమించు తల్లీ.

మామయ్య

కిల్కెన్నీ,
జులై 2

ప్రియమైన మామయ్యగారికి,

ఆ ఉత్తరం రాయకండి. నాకు రూలు తెలుసు.

మొదటి రోజు నుంచీ తెలుసు. మీరు రానన్నారు గనక మీకు చెప్పలేదు, అది నా పొరపాటు. దూరం నుంచి మిమ్మల్ని, మీ చేతిలో గిన్నెని చూడగానే ఏం జరగబోతోందో తెలిసిపోయింది. వద్దని అరిచాను. మీకు వినపడలేదు. దగ్గరికొచ్చాక చెయ్యి ఊపి తప్పుకుని పోవచ్చు, అబిగేయిల్ అయితే అదే చేసేది. కానీ అప్పటికే మీరు చెంచా నా నోటి దగ్గర పెట్టారు. మీ ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి ఉంది. ఈ ఇంటికి వచ్చి పదహారేళ్ళయింది, మీరు ఒకరికి వడ్డించగా నేను ఒక్కసారీ చూడలేదు మామయ్యగారూ. అత్తయ్యగారు జ్వరంతో ఉన్నప్పుడు కూడా మంచినీళ్ళు ఆవిడే లేచి తెచ్చుకునేవారు. అప్పట్లో మీ మీద నాకు చాలా కోపంగా ఉండేది. ఎప్పుడూ అనలేదు, ఇప్పుడు అంటున్నాను. అలాంటి మీరు వానలో నిలబడి "తినమ్మా" అంటుంటే నేను వద్దని పోలేకపోయాను. తెలిసే నోరు తెరిచాను. ఉప్పు రెండుసార్లు వేశారు, అయినా బాగుంది.

మీరు రాబర్టుకు గొప్పలు చెప్పినందువల్ల ఏమీ జరగలేదు. గీత దాటగానే నేనే ఆయన దగ్గరికెళ్ళి చెప్పాను. ఎవరూ చూడలేదు, నిజంగా రాయమంటావా అని ఆయన రెండుసార్లు అడిగాడు. రాయమన్నాను. పతకం తీసి ఇచ్చేశాను. సంచిలో ఉందని మీకు అబద్ధం చెప్పాను. మీరు ఆయన చెయ్యి పట్టుకునేటప్పటికి నా పేరు పక్కన ఆ అక్షరాలు పడి అయిదు నిమిషాలయింది. అంత సంతోషంగా చెబుతున్న మనిషితో గ్రాండ్ అనక ఇంకేమనగలనని తరువాత నాతో అన్నాడు.

బాధ లేదని చెప్పను. సోమవారం డ్యూటీ గదిలో తలుపేసుకుని ఏడ్చాను. ఆ టైము పడాలని ఎంతో కోరుకున్నాను. కానీ రెండు వందల ఇరవై ఆరు కిలోమీటర్లూ నా కాళ్ళతో, నా చేతులతో చివరిదాకా వెళ్ళాను. సగంలో వదల్లేదు. పట్టీలో ఏమున్నా నా మనసుకు అది తెలుసు. ఆ సంగతి నాకు ఇంత నెమ్మదినిస్తుందని అనుకోలేదు.

పట్టీ సంగతి వచ్చే జూన్‌లో చూద్దాం. నా పేరు నిన్ననే రాయించాను. నీళ్ళ బల్లల దగ్గర నిలబడటానికి మనుషులు కావాలని రాబర్ట్ అంటే మీ పేరు కూడా ఇచ్చాను. వాళ్ళ చేతి నుంచి ఏం తీసుకున్నా తప్పు కాదు. మీకు పచ్చ రంగు కోటు, కూర్చోవడానికి కుర్చీ ఇస్తారట. అక్కడ అరటిపండ్లు, మంచినీళ్ళు మాత్రమే ఇవ్వాలి. గిన్నె ఇంట్లో వదిలేసి రండి.

ఈ శనివారం సైకిలు లేదు. పొద్దున్నే ఇంటికి వచ్చేస్తాను. కుక్కరు మీరే పెట్టండి, ఉప్పు నేను వేస్తాను.

మీ కోడలు
ఉమ