నలుగురు కూర్చుంటేనే ఆట

సలీం,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. సాయంత్రం బస్టాండు ఎదురుగా ఉన్న నీ క్యారమ్ గదికి వెళ్లాను. అక్కడ జరిగింది నీకు చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

కాలేజీ పిల్లలు ముగ్గురే వచ్చారు. నాలుగో మనిషి లేకపోతే, ఎక్కడైనా ఒంటరిగా కూర్చున్నవాణ్ని వెతికి తెచ్చుకోవాలన్న నీ నియమాన్ని వాళ్లు ఇంకా పాటిస్తున్నారు. బస్టాండులో పెట్టె పక్కన పెట్టుకుని కూర్చున్న ఒకణ్ని పట్టుకొచ్చారు. మొగుడంపల్లి వాడు, పేరు నర్సింలు, ఇంటర్ మొదటి సంవత్సరం.

"చదువు ఇడిసిపెట్టి ఇంటికి పోతున్న. ఈడ నాతోని మాట్లాడేటోళ్లే లేరు" అన్నాడు.

"పోదువు తియ్యి. జర ఒక్క ఆట ఆడి పో" అన్నాడు రఫీక్. ముగ్గురిలో పెద్దవాడు అతనే.

నర్సింలు కొట్టిన మొదటి దెబ్బకే స్ట్రైకర్ బోర్డు దాటి నా చాయ్ సాసర్‌లో పడింది.

"సార్, మీ చాయ్ల సక్కెర తక్కువైనట్టుంది, పోరడు బిళ్ల ఏసిండు" అన్నాడు రఫీక్. నర్సింలు కూడా నవ్వాడు.

చివరికి నర్సింలు, రఫీక్‌ల జట్టుకు రెడ్డు, ఒక తెల్లకాయ మిగిలాయి. బయట మొగుడంపల్లి బస్సు హారన్ కొట్టింది.

"బస్సు ఆపమందునా?" అని రఫీక్ అడిగాడు. నర్సింలు తల ఎత్తలేదు. రెడ్డు వేశాడు, వెంటనే తెల్లకాయ కూడా వేశాడు. ఓడిన ఇద్దరు కూడా వాణ్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. నేనూ లేచి నిలబడి అరిచాను, సలీం.

బస్సు వెళ్లిపోయింది. నర్సింలు పెట్టె చేతికి తీసుకుని రఫీక్ వైపు తిరిగాడు.

"రేపు ఎన్నింటికి కూసుంటరు?"